మా మేడమ్ మంచు మీద ఆడిన ఆట

రెండువేల దశకం మొదట్లో నేను బెంగళూరు కాల్‌సెంటర్లో చేరినప్పుడు, మాకు ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడానికి స్కాట్లండ్ నుంచి ఒకావిడ వచ్చింది. నేను అనంతపురం నుంచి వచ్చి మడివాళలో పీజీ హాస్టల్లో ఉండేదాన్ని. ఆవిడకి యాభై ఉంటాయేమో. కుడి మోకాలు సరిగ్గా వంగేది కాదు. క్యాంటీన్ మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకునేది. అలా దగ్గరయ్యాం.

ఒకరోజు టీ తాగుతూ మోకాలి సంగతి అడిగాను.

"ఆటలో పోయింది. మా దేశంలో మూడుసార్లు ఛాంపియన్ని, తెలుసా?"

కర్లింగ్ అంది. నాకేం అర్థం కాలేదు. టేబుల్ తుడిచి, ఖాళీ గ్లాసు బోర్లించి నావైపు తోసింది.

"ఇది ఇరవై కిలోల రాయి అనుకో. మంచు మీద ఇలా తోస్తాం. ఇద్దరు దాని ముందు బ్రష్షులతో రుద్దుకుంటూ పోతారు. రుద్దితే ఇంకొంచెం దూరం జారుతుంది. అవతల గీసిన వలయం మధ్యలో ఆగాలి."

పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్న నేర్పాడట. పెద్దయ్యాక పగలు బ్యాంకులో గుమాస్తా పని, సాయంత్రం ఆట. ఆటా నేనా తేల్చుకోమన్న పెళ్లికొడుకుని వదిలేసుకుంది. తీరా ఆ ఆటని ఒలింపిక్స్‌లో చేర్చే నాటికి మోకాలు పాడైంది. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చేసరికి, ఆవిడే ఆట నేర్పిన అమ్మాయి జట్టులో ఆవిడ స్థానంలో ఉంది.

"టీవీలో చూశాను. బాగానే ఆడింది," అని గ్లాసు పక్కకి జరిపేసింది.

మా కంపెనీకి ఆవిడ యాస నచ్చలేదు. అమెరికా కస్టమర్లకి ఆ పలుకు కుదరదన్నారు. ఒప్పందం ఏడాదికి రాసుకున్నారు, మధ్యలో పంపించాలంటే ఏదో కారణం చూపాలి. మేనేజర్ పాత బెంగళూరు తెలుగాయన. మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు.

"ఆమె చెప్పేది మీకు అర్థం కావడం లేదు. అంతే కదా?" అంటూ ఆ మాటే రాసి ఉన్న కాగితం నా ముందుకు జరిపాడు.

"అర్థమవుతోంది సార్."

"నీ ప్రొబేషన్ ఇంకా ఉండాది కదమ్మా."

సంతకం పెట్టాను. నాకంటే ముందు పదకొండుమంది పెట్టారు. ఆ పేర్లు చూశాకే ధైర్యం తెచ్చుకున్నాను.

వెళ్లే రోజు పెట్టెలు కారెక్కించడానికి నేనే వెళ్లాను. ఆవిడ లోపల కూర్చుని అద్దం దించింది.

"అందరూ సంతకం పెట్టారట. నువ్వూ పెట్టావా?"

"లేదు మేడమ్."

"నాకు తెలుసు," అంటూ నా చెయ్యి నొక్కింది.

సోమవారం నుంచి ఆవిడ క్లాసు నాకిచ్చారు. నాకు బాగా చెబుతుందని పేరు కూడా వచ్చింది. స్కాట్లండ్ నుంచి ఆవిడ రెండు ఉత్తరాలు రాసింది. ఇప్పుడేం పని చేస్తున్నావని రెండింట్లోనూ అడిగింది. నేను జవాబు రాయలేదు.