సొన్నమ్మ మార్చిన మాత్రలు

కాటన్‌పేటలో ఆదినారాయణప్పది రవికెల లైనింగు గుడ్డ అమ్మే అంగడి. చెల్లెలు సొన్నమ్మ భర్త పోయాక అన్న దగ్గరే ఉంటోంది. ఇద్దరికీ తండ్రి నుంచి ఒకే జబ్బు వచ్చింది. చిన్నమెదడు బలహీనపడి నడక తూలుతుంది, చెయ్యి గురి తప్పుతుంది, మాట ముద్దగా వస్తుంది. కొత్తవాళ్ళు తాగారనుకుంటారు. "అవునప్పా, ఇద్దరం ఒకే సీసా," అంటుంది సొన్నమ్మ.

ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకు ఇద్దరూ చేరారు. డాక్టర్ వనజ విడమరిచి చెప్పింది.

"మెదడు కణాల గోడల్లో పొటాషియం బయటికి పోయే దారులుంటాయి. ఈ మందు వాటిని కొంత మూస్తుంది. దాంతో కణాల లయ కుదురుతుందేమో చూస్తున్నాం. అందరికీ ఒక విడత మందు, ఒక విడత ఉత్త మాత్ర. ఎవరికి ఏది ముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

నెల తిరక్కుండా సొన్నమ్మకు తెలిసిపోయింది. ఆమె గరిటె ఎత్తితే చారు కంచంలోనే పడుతోంది. అన్న చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఒకరోజు అంగట్లో ఆయన కత్తిరిస్తుంటే గుడ్డ బాగా వంకర పోయింది. కొనడానికొచ్చిన దర్జీ కత్తెర లాక్కుని తనే కత్తిరించుకున్నాడు. ఆ రోజు ఆదినారాయణప్ప అన్నం ముట్టలేదు.

సాయంత్రం సొన్నమ్మ తన డబ్బాలోని మాత్రలు అన్న డబ్బాలోకి, అన్నవి తన డబ్బాలోకి మార్చింది. కూరలో మంచి ముక్కను అన్న కంచంలోకి నెట్టడం ఆమెకు చిన్ననాటి అలవాటు. ఆయనకు చెప్పలేదు.

తర్వాతిసారి ఆసుపత్రిలో వనజ ఆయన్ని గీత మీద నడిపించింది. "బాగా నిలబడుతున్నారే," అంది.

సొన్నమ్మ ముఖం వెలిగింది. "నిలబడడా మల్ల? అవి నా మాత్రలు కదమ్మా."

వనజ రాయడం ఆపింది. "మార్చుకున్నారా?"

"నేనే మార్చితిని. అన్నకి అంగడి ఉండాది. నేను ఇంట్లో ఎట్లో తిరుగుతా."

"నాతో చెప్పొద్దా మే?" అన్నాడు ఆదినారాయణప్ప.

"చెప్తే తింటావా నువ్వు?"

"మీ ఒంటిని బట్టి ఇచ్చిన మోతాదమ్మా అది," అంది వనజ. "ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. మీరనుకున్నదే నిజమైతే, వచ్చే విడతలో అసలు మందు ఆయనకే వచ్చేది."

"వచ్చే విడతకి దసరా బేరం దాటిపోతాది. అంతవరకు అన్న అంగట్లో ఊరికే కూసోవల్లనా?"

వనజ ఇద్దరి డబ్బాలూ తన వైపు జరుపుకుంది. "ఇక మిమ్మల్ని ఈ పరీక్షలో ఉంచలేను. మందు పనిచేస్తుందని తేలితే నేనే పిలుస్తాను. తేలకపోనూవచ్చు."

ఆటోలో ఆదినారాయణప్ప ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగాక మాత్రం చెల్లెలికి చెయ్యి అందించాడు.

కొద్దిరోజులకే ఆయన కత్తెర మళ్ళీ గీత దాటసాగింది. ఒక పొద్దున టిఫిను తిని లేస్తూ, "పద మే, అంగడికి," అన్నాడు.

"నేనేం చేసేది ఆడ?"

"నా మాత్రలకి బదులు నువ్వు."

అంగట్లో సొన్నమ్మ బల్లకు ఒళ్ళు ఆనించి, రెండు మోచేతులతో గుడ్డను నొక్కి పట్టింది. ఆయన కత్తెర పెట్టాడు.

"ఊగొద్దు మే."

"ఊగేది నువ్వు. నేను బల్ల పట్టుకోనుండా."

ఆయన కత్తెర తీసి, గుడ్డ సవరించి, మళ్ళీ మొదలుపెట్టాడు.