సీసాలో మిగిలిన ముక్క

అపెండిక్స్ తీయించుకున్నాక నాకు దక్కిన మొదటి బిరుదు "తోక తెగినోడు". ఇచ్చింది నా భార్యే. పేగుకు తోకలా వేలాడే ఆ వేలెడు ముక్క పోయినందుకు నేనూ పెద్దగా బాధపడలేదు. పుస్తకాల చివర అపెండిక్స్ పేరుతో ఉండే అనుబంధాలు చదివే అలవాటు కూడా నాకు ఎప్పుడూ లేదు.

పదో రోజు కుట్లు విప్పించుకోవడానికి వెళ్తే, సర్జన్ బయాప్సీ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆ ముక్క గోడ మీద చిన్న చిన్న సంచులు పొడుచుకొచ్చాయట. డైవర్టిక్యులా అంటారట. బజారుకు ప్రతిసారీ సంచి మరిచిపోయి వెళ్లే మనిషిని, కడుపులో మాత్రం నాలుగు దాచుకున్నాను. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అలాంటి సంచులున్న అపెండిక్స్‌లో ఒక్కోసారి కణితి కూడా దాక్కుంటుందని, ల్యాబులో చూసింది మూడు చోట్ల కోసిన ముక్కలేనని, మిగిలింది ఇంకా ల్యాబు సీసాలోనే ఉంది కాబట్టి మొత్తం చూపించడం మంచిదని చెప్పి చీటీ రాసిచ్చాడు.

సాయంత్రం గోదావరిఖనిలోని మా క్వార్టర్‌కు బావ వచ్చాడు. మా అక్క భర్త, నాతోపాటే గనిలో పనిచేస్తాడు. విషయం వినగానే లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"పోయిన ముక్కతోని నీకేం పని? కణితి అని కాయితం మీదికెక్కితే అన్‌ఫిట్ అంటరు. గనిల దిగనియ్యరు. సప్పుడు చెయ్యకుంట ఉండు."

నా భార్య వెళ్లి బావకు చాయ్ పెట్టుకొచ్చింది. అంటే బావ మాట ఆమెకు నచ్చిందన్నమాట. భయం నాకూ ఉంది. ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన పని ఒక్కటే. నేను సర్దార్‌ని. షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు వెళ్లి, గని పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాను. గట్టిగా మోగితే మనుషులను రానిస్తాను, డప్పులా బోలుగా మోగితే ఆపేస్తాను. మూడు చోట్ల తట్టి, మిగతాదీ బాగానే ఉండి ఉంటుందని సంతకం పెట్టిన రోజు లేదు.

"బావా, పైకప్పు మూడు జాగలల్లనే కొట్టి నిన్ను రమ్మంటే నువ్వు లోపలికొస్తవా?" అని అడిగాను.

"గది వేరే ముచ్చట" అన్నాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

మరునాడు ల్యాబు ఉన్న కరీంనగర్‌కు బస్సెక్కాను. రానన్న నా భార్య నాకంటే ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ల్యాబులో, మొత్తం కోసేస్తే ఇక ఏమీ మిగలదన్నారు. మిగలొద్దనే వచ్చానన్నాను.

తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. సంచులే, కణితి లేదు.

"సూసినవా, ఉత్తగనే తిరిగినవ్" అన్నాడు బావ.

"పైకప్పు మంచిగున్న నాడు నేను కర్ర ఉత్తగనే కొట్టినట్టా?"

సెలవు అయిపోయాక మొదటి షిఫ్టుకు దిగాను. బావ నా వెనక దూరంగా ఆగి, పైకప్పు మీద నా కర్ర చివరి చప్పుడు అయ్యేదాకా అడుగు కదపలేదు.