ఈపూరు అని నేను రాయలేదు

దయ్యాలు, శకునాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళుమంట. కంప్యూటర్ మనం రాసింది చేస్తుంది, రాయనిది చేయదు. పన్నెండేళ్ళుగా ఆ నమ్మకం మీదే అన్నం తింటున్నాను. అందుకే ఇది చెప్పాల్సి రావడం నాకే చిరాకుగా ఉంది.

నరసరావుపేటలో ఇంటి నుంచే పనిచేస్తాను. డయాలసిస్ రోగులను వ్యాన్లలో ఆస్పత్రికి చేర్చే ఒక చిన్న సంస్థకు సాఫ్ట్‌వేర్ చూస్తాను. రోగి చిరునామా వస్తుంది, అది సరైన డ్రైవరు ఫోనుకు చేరాలి. ఏది ఎటు పోవాలో చెప్పడానికి అందులో ఒక చిన్న భాష ఉంటుంది.

మా వైపు ఇంటి నంబరు ఎవరూ చెప్పరు. "వెల్డింగ్ షాపు పక్కన", "పాత మిల్లు వెనక" అంటారు. మిల్లు పడగొట్టి పదేళ్ళయినా అదే గుర్తు. ఆ మాటల్లోంచి ఊరునూ గుర్తునూ విడదీసే పొడవాటి లైనును నాకు ముందున్నవాళ్ళు నలభై చోట్ల అతికించి పోయారు. ఒక్క అక్షరం మార్చాలన్నా నలభై చోట్లా మార్చాలి. తల ప్రాణం తోకకొచ్చేది. దాన్ని ఒక్కచోట ఫంక్షన్‌గా రాసి పేరు పెడితే, మిగతా అన్ని చోట్లా ఆ పేరుతో పిలుచుకోవచ్చని మేనేజరుకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "నడిచేదాన్ని ఎందుకు కెలుకుతావమ్మా?" అనేవాడు. చివరికి, తేడా వస్తే బాధ్యత నాదేనని రాయించుకుని ఒప్పుకున్నాడు.

ఆ ఫంక్షన్ మొత్తం పన్నెండు లైన్లు. ఇచ్చిన మాటల్ని విడగొట్టడమే దాని పని. సొంతంగా దానికి ఒక్క ఊరి పేరూ తెలియదు. వారమంతా పరీక్షించి, సోమవారం పొద్దున్నే అసలు సిస్టంలోకి ఎక్కించాను.

తొమ్మిదింటికి లాగ్ తెరిచాను, అంటే లోపలికి వెళ్ళిందీ బయటికి వచ్చిందీ సిస్టం రాసిపెట్టుకునే చిట్టా. మా రోగి ఖాసిం అన్న చిరునామా లోపలికి వెళ్ళినప్పుడు "పెదకూరపాడు, వెల్డింగ్ షాపు పక్కన". బయటికి వచ్చినప్పుడు "ఈపూరు, ఎరువుల కొట్టు వెనక".

ఖాసిం అన్న లారీ మెకానిక్. వారానికి మూడుసార్లు డయాలసిస్ కావాలి. సోమవారం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ప్రాణం మీదికొస్తుంది. పెదకూరపాడు ఒక దిక్కు, ఈపూరు ఇంకో దిక్కు. పైగా మా రోగుల్లో ఈపూరువాళ్ళే లేరు. డ్రైవరు ఫోన్ ఎత్తడు. ఖాసిం అన్న ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. రెండో వ్యాను మాచర్ల దారిలో ఉంది. నలభై లైన్లు ఒకటి చేయాలన్న నా ముచ్చటకు ఒక మనిషి బలైపోతున్నాడని ఏడుపొచ్చింది.

పదింపావుకు డ్రైవరే ఫోన్ చేశాడు. తిట్లకు సిద్ధపడ్డాను.

"అన్నని ఎక్కించుకున్నానమ్మా. ఎరువుల కొట్టు ఎనకాలే ఉన్నాడు. చానా ఆయాసంగా ఉంది, నేరుగా ఆస్పత్రికే తోలుతున్నా. ఈడున్నాడని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆదివారం సాయంత్రం అత్తగారికి బాగాలేదని కబురొస్తే, ఖాసిం అన్న భార్యతో ఈపూరు వెళ్ళాడు. కంగారులో ఫోన్ ఇంట్లోనే మరిచిపోయాడు. మా నంబరు అందులోనే ఉంది. తెల్లారేసరికి ఆయాసం మొదలైంది. ఆటో కోసం వెతుకుతుంటే మా వ్యాను వచ్చి ఆగిందట.

ఆ సాయంత్రానికి మనిషి తేరుకున్నాడు. నేను మాత్రం అదే చిరునామాను అదే ఫంక్షన్‌కు ఇచ్చి రాత్రి దాకా నడిపాను. ప్రతిసారీ పెదకూరపాడే. కోడంతా వెతికాను, పాత రికార్డులు వెతికాను. ఈపూరు అన్న మాట ఎక్కడా లేదు. ఆ లాగ్‌లో ఆ ఒక్క లైనులో తప్ప.

ఖాసిం అన్న ఇప్పుడు కనపడ్డవాళ్ళందరికీ నేనే కాపాడానని చెబుతున్నాడు. కాదు మొర్రో అన్నా వినడు. "ఊరుకో చెల్లెమ్మా, నువ్వు పంపకపోతే బండి దానంతటదే వచ్చిందా ఏంది?" అంటాడు. నాకు సిగ్గుగా ఉంటుంది, కోపం కూడా వస్తుంది.

తప్పు జరిగితే మా ఆఫీసులో ఒక ఫారం నింపాలి. మేనేజరు ప్రతి శుక్రవారం గుర్తు చేస్తాడు. అందులో రెండు గళ్ళు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేశారు అని. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది నింపడానికి నాకు చేతులు రావడం లేదు.