మైకు సారు మెత్తబడిన సోమవారం

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఎంతటి మేనేజరైనా రెండు రోజులు నా చేతికి చిక్కితే బాగుపడి తీరతాడని. చదువు ముగిసి ఏడాది కూడా కాలేదు మరి. ఆ ధీమాతోనే మెదక్‌లో ఒక ట్రాక్టర్ల షోరూంలో ట్రైనర్‌గా చేరాను. షోరూం వెనక రేకుల షెడ్డులో సర్వీసింగ్ జరిగేది. దానికి మేనేజరు మైకు సారు. (అసలు పేరు వేరే ఉంది, ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు.) పొద్దున్నే ఆయన ఒక్క కేక వేస్తే రేకుల మీది పావురాలు లేచిపోయేవి. అంతకుముందు ఏడాది ఇద్దరు మెకానిక్‌లు మానేశారు. సారు తిట్లు పడలేకే పోయారని ఓనరు పటేలు నిశ్చయం. నన్ను పిలిచి, "వానకాలం దున్నుడు మొదలైతుంది బిడ్డా, బండ్లన్నీ మన షెడ్డుకే వస్తయి. సారుకు జర మాట్లాడుడు నేర్పు. ఈ సీజన్ల ఒక్క మెకానిక్ పోయినా నువ్వు గూడ పోతవ్" అని నవ్వుతూనే చెప్పాడు. మా ఇంట్లో నాదొక్కటే జీతం కాబట్టి నాకు నవ్వు రాలేదు.

శుక్ర, శనివారాలు సారును కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "మెచ్చుకోవాలంటే పదిమందిలో మెచ్చుకోండి సార్. మందలించాలంటే విడిగా లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మెల్లగా చెప్పండి." ఆయన బుద్ధిగా తలూపాడు. ఆదివారమంతా అద్దం ముందు సాధన కూడా చేశాడట.

సోమవారం షెడ్డులో కేక వినిపించలేదు. సారు గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, "జర లోపటికి రాండ్రి" అని ఒక మెకానిక్‌ను పిలిచాడు. గాజు తలుపు వెనక కుర్చీ, టీ, చిరునవ్వు. బయటికొచ్చిన మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఇంకొకర్ని పిలిచాడు. పానాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని నేను క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను (ఫోటో కూడా తీసుకున్నాను). మధ్యాహ్నం చూస్తే అందరూ చేతులు కడుక్కుని గోడవారన గుసగుసలాడుతున్నారు. పెద్ద మేస్త్రి తన సొంత పానాలు సంచిలో సర్దుకుంటున్నాడు. దగ్గరికి పరుగెత్తాను. ఏమైందని అడిగాను.

"మీరే జెప్పాలె మేడం. షెడ్డు మూస్తున్నరా, మమ్ముల తీసేస్తున్నరా?" అన్నాడు.

"ఎవరన్నారు?"

"అనేదేముంది? సారు తిడ్తలేడు! పోయినేడు స్టోర్ గుమాస్తను తీసేసిన నాడు గిట్లనే లోపటికి పిలిచి, కూసోండ్రి అని టీ తాపిండు. అది జూసి ఇద్దరు మెకానిక్‌లు భయపడి వాళ్లంతట వాళ్లే పోయిండ్రు. మాకెందుకు గా గతి? రామాయంపేట దిక్కు షెడ్డోళ్లు రమ్మంటున్నరు. గిప్పుడే పోతం."

అంతలో పటేలు ఫోను. బస్టాండు దాటాడట, షెడ్డు చూడ్డానికి వస్తున్నాడట. నేను లోపలికి పరుగెత్తి, "సార్, బయటికొచ్చి ఒక్కసారి తిట్టండి!" అన్నాను. సారు మొహం చిన్నబోయింది. "తిట్టొద్దని నువ్వే గదమ్మా జెప్పినవ్? గింత కష్టపడి నేర్సుకున్న. ఇగ నేను తిట్ట" అన్నాడు. (అంత శ్రద్ధగల విద్యార్థి మళ్లీ నాకు దొరకలేదు. దొరికినవాడు ఆ రోజే దొరకాలా!) చేతులు జోడించాను. ఆయన కుర్చీ ముందుకు జరిపి, "కూసోండ్రి మేడం, టీ తాగుతరా?" అన్నాడు. నేను ఆ కుర్చీకి రెండడుగులు దూరం జరిగాను.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. గాజు తలుపులోంచి చూస్తే పెద్ద మేస్త్రి సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తున్నాడు, వెనకాలే మిగతావాళ్లు. ఆరుబయట ఒక ట్రాక్టరు ఇంజను విప్పింది విప్పినట్టే ఉంది. సారు దాన్ని చూశాడు. పాఠం, అద్దం, ఆదివారం అన్నీ ఎగిరిపోయాయి. తలుపు తోసుకుని బయటికి ఉరికి, "ఓ మేస్త్రీ! ఇంజను విప్పిపెట్టి ఏడికి వోతున్నవ్? వాన గనవడ్తలేదా? కండ్లు నెత్తికెక్కినయా?" అని అరిచాడు. పావురాలు లేచాయి. మేస్త్రి ఆగి వెనక్కి తిరిగాడు. ఆ మొహంలో వెలుగు నేను ఏ తరగతిలోనూ ఎవరి మొహంలోనూ చూడలేదు. "వస్తున్న సారూ! టార్పాలిన్ తేండ్రి, జల్ది!" అంటూ సంచి అక్కడే పడేసి పరుగెత్తాడు. మిగతావాళ్లూ, వాళ్ల వెనక నేనూ వానలోకి పరుగెత్తాం.

ఆ అరుపుల మధ్యే పటేలు కారు దిగాడు. "గిదేనా బిడ్డా నువ్వు నేర్పింది?" అన్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు మైకు సారుకు పాఠంలో మొదటి సగం గుర్తొచ్చినట్టుంది. షెడ్డంతా దద్దరిల్లేలా, "పటేలా! ఈ మేడం మస్తు నేర్పింది! ఒక్కడు గూడ పోలే, జూసుకోండ్రి!" అని అరిచాడు. ఉద్యోగం నిలిచింది. నాకు కళ్లు చెమర్చాయి, వానలో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు పెద్దపెద్ద కంపెనీల మేనేజర్లకూ ఆ పాఠమే చెబుతున్నాను. కాకపోతే, "మీ దగ్గర టీ ఎప్పుడిస్తారు?" అని ముందే అడిగి తెలుసుకుంటాను. మొన్న మా కొత్త డైరెక్టరు లోపలికి పిలిచి, "కూర్చోండి, టీ తీసుకుంటారా?" అంది. ఇన్నేళ్ల అనుభవం ఏమైపోయిందో, నా టేబుల్ సొరుగులోంచి ఏమేం సర్దుకోవాలో లెక్కపెట్టుకున్నాను. (ప్రమోషన్ ఇచ్చినట్టు చెప్పడానికట.) ఇంటికి రాగానే, ఎప్పుడో రిటైరైపోయిన మైకు సారుకు ఫోన్ చేశాను. "ఇన్నొద్దులు ఫోనన్న జెయ్యవా? సచ్చిండనుకున్నవా?" అని గావుకేక పెట్టాడు. ఫోను చెవికి దూరంగా పట్టుకుని, నవ్వుకుంటూ, ఆ తిట్లన్నీ తృప్తిగా విన్నాను.