వీరవేణి గారి స్పానీసు

మా అమ్మమ్మ వీరవేణి చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గానీ, మాట మాత్రం ఇప్పటిదాకా ఆగలేదు. రాజోలు పక్క పల్లె నుంచి బహ్రెయిన్ వెళ్ళి, అవాలిలో ఒక చమురు ఇంజినీరు ఇంట్లో వంటకు కుదిరింది. ఆ ఇంటావిడ లూపె గారిది మెక్సికో. ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం, అమ్మమ్మకు ఆ అంతంత కూడా లేదు. ఒకే పొయ్యి దగ్గర నిలబడి, ఒకరు గరిటె చూపించి, ఒకరు గిన్నె చూపించి, చివరికి హాయిగా పోట్లాడుకునేంత భాష కూడబెట్టుకున్నారు. అదే అమ్మమ్మ స్పానీసు. ఫోన్ చేస్తే మనవరాళ్ళను "మిహా" అని పిలిచేది. అదేదో తిట్టు అనుకుని వాళ్ళు చాలాకాలం పలకలేదు. "నా తల్లీ అని ముద్దుగా పిలుస్తున్నానే మొద్దూ" అని ఆమె చెప్పాక, రెండోది నిజంగానే తిట్టేనని తెలిసింది.

తనకు వచ్చిందే సరైనదని అమ్మమ్మకు గట్టి నమ్మకం. అది స్పానీసుతో మొదలైన జబ్బు కాదు. ఆ ఇంటి డ్రైవరు లింబాద్రిది జగిత్యాల వైపు. మధ్యాహ్నం వంటింటి గడప మీద కంచం పెట్టుకుని కూర్చుని, రోజూ ఒకటే మాట అనేవాడు.

"అక్కా, జెర తొక్కు వెయ్యి."

"తొక్కు కాదు, పచ్చడి. తొక్క అరటిపండుకి ఉంటుంది."

"మా దిక్కు దీన్నే తొక్కంటరు."

"మీ దిక్కు తప్పంటారు."

లింబాద్రి నవ్వి తినేవాడు. గోంగూర పచ్చడి కోసం ఆ మాత్రం పడవచ్చని అతని లెక్క.

ఇలా ఉండగా చిట్టికి కష్టం వచ్చింది. చిట్టిది అమ్మమ్మ వాళ్ళ పక్క ఊరు. ఆమె పనిచేసే ఇంటివాళ్ళు సామాన్లు సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నారు. వీసాకు పూచీ పడే కొత్త యజమాని, అదే కఫీల్, దొరక్కపోతే చిట్టి ఊరికి విమానం ఎక్కాలి. ఆమె మొగుడు బుల్లిరాజు మామీర్ దగ్గర ఫ్యాక్టరీలో డ్యూటీ చేస్తాడు. పెళ్ళయ్యాక అతను ఒక దేశంలో, ఆమె ఒక దేశంలో అన్నట్టు గడిచి, ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒకే దేశంలో పడ్డారు. వారానికి ఒక్క శుక్రవారం కలుసుకుంటారు. ఆ శుక్రవారం పోతుందని చిట్టి ఏడుపు.

రిఫాలో ఒక విల్లాకు స్పానిష్ కాస్త తెలిసిన వంటమనిషి కావాలని లూపె గారి స్నేహితుల ద్వారా తెలిసింది. అమ్మమ్మ వెంటనే మధ్యలోకి దూకింది. "పిల్లని నేను తయారు చేస్తాను. నాదీ పూచీ" అంది. ఎవరూ అడగకుండానే పూచీ పడటం కూడా ఆమెకు పాత అలవాటే.

పాఠాలు అవాలి వంటింట్లో జరిగాయి.

"పిలవగానే 'మాందే' అనాలి. తల కాస్త వంచి. సెలవియ్యండి అన్నట్టు."

"మన 'ఆయ్' లాంటిదాండి పిన్నిగారూ?"

"అచ్చం ఆయే."

"మరి 'అవురీతా' అంటేనండి?"

"ఇప్పుడే అని. కానీ ఆ మాట అన్నావంటే ఇప్పుడు చెయ్యక్కర్లేదని."

చిట్టి కాసేపు ఆలోచించింది. "మా ఆయన ఫోన్లో 'వచ్చేత్తన్నా' అంటాడు, అలాగాండి?"

"అదే. ఇంక నీకు భాష వచ్చేసినట్టే."

పళ్ళరసం హూగో అని, మొక్కజొన్న రొట్టె తోర్తియా అని, దాన్ని వేడి ఆరకుండా గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాలని, అన్నీ నేర్పి, నుదుట బొట్టు సరిచేసి రిఫా పంపింది. వారం రోజులు ట్రయల్. నచ్చితే వీసా మారుస్తారు.

వారం సగంలో చిట్టి ఫోన్ చేసింది. బట్టలుతికే గదిలో దాక్కుని గుసగుసలు.

"పిన్నిగారూ, ఈవిడ వేరేలా మాట్లాడుతుందండి. హూగో కావాలా అంటే సూమో అంటుందండి."

"సూమో పెళ్ళివాళ్ళు ఎక్కే బండి కదే."

"గ్లాసు పట్టుకుని అడిగిందండి. మాందే అంటే మొహం అదోలా పెడుతుంది. రొట్టెలు చేస్తే గుడ్డ విప్పి చూసి, బాగున్నాయంది, మరి తోర్తియా ఏదీ అంది. రొట్టె చేతిలోనే ఉందండి ఆవిడకి."

అమ్మమ్మ ఉల్లిపాయ తరుగుతూనే తీర్పు చెప్పేసింది. "ఆవిడకి స్పానీసు సరిగ్గా రాదే. ఏ మారుమూల మనిషో. నువ్వే మెల్లిగా దిద్దు."

చిట్టి చెప్పిన మాట వినే పిల్ల. అదే కొంప ముంచింది. మర్నాడు మళ్ళీ ఫోన్.

"దిద్దానండి."

"ఏమంది?"

"నా మొహంలోకి అలా చూసింది. శుక్రవారం భోజనాలకి మనుషులొస్తున్నారు, అది అయ్యాక నీ సంగతి మాట్లాడదాం అందండి. ఆ రోజు అందరికీ తోర్తియా కావాలంటండి." ముక్కు ఎగబీల్చింది. "ఏది చెయ్యనండి పిన్నిగారూ?"

అమ్మమ్మ లూపె గారి దగ్గరకు వెళ్ళి, ఆ రిఫా ఆవిడది ఏ ఊరని అడిగింది. స్పెయిన్ అని చెప్పింది ఆవిడ. అదెక్కడని అడిగితే, ఈ భాష పుట్టింది అక్కడేనని, వాళ్ళ తోర్తియా గుడ్లూ బంగాళదుంపలతో వేసే మందపాటి అట్టని చెప్పి, జరిగినదంతా విని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

అమ్మమ్మకు నవ్వు రాలేదు. వెనక గుమ్మంలోకి వచ్చి, కారు తుడుస్తున్న లింబాద్రికి సంగతి చెప్పి, "అయితే మాత్రం? పుట్టిన చోటే పాడైపోయిందేమో" అంది.

లింబాద్రి గుడ్డ పిండుతూ అన్నాడు. "మా తెలుగు తప్పన్నవ్. సరే అన్న. ఇప్పుడు వాళ్ళ బాస వాళ్ళకే రాదంటున్నవ్. ఈ దునియల సక్కగ మాట్లాడేది నువ్వొక్కదానివేనా అక్కా?"

అమ్మమ్మ గుమ్మం దిగి, అతను తుడిచిన అద్దాన్నే కొంగుతో మళ్ళీ తుడిచింది.

"ఆ పోరి పోతే బుల్లిరాజు మల్ల ఒక్కడే అయితడు" అన్నాడు లింబాద్రి, ఈసారి మెల్లిగా.

"బండి తియ్యి" అంది అమ్మమ్మ.

ఎప్పుడొస్తావని లూపె గారు లోపల్నుంచి అడిగితే "అవురీతా" అని అరిచి కారెక్కింది. గురువారం సాయంత్రం. అవాలి నుంచి రిఫా ఎంతో దూరం లేదు, కానీ ఆ దారంతా ఆమె మాట్లాడలేదు. లింబాద్రి రెండుసార్లు అద్దంలో చూశాడు, ఒంట్లో బాగుందా అని.

తలుపు ఆ ఇంటావిడ నూరియా గారే తీసింది. పొట్టి జుట్టు, కళ్ళజోడు, కాస్త అలసిన మొహం. ఆవిడ వెనక చిట్టి, కొంగు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది. అమ్మమ్మ స్పానీసులో మొదలుపెట్టింది. నాలుగు మాటలు కాగానే నూరియా గారి కనుబొమలు పైకి లేచాయి. చీర కట్టుకున్న గోదావరి మనిషి నోట అచ్చమైన మెక్సికో యాస వస్తుంటే ఎవరికైనా లేస్తాయి.

"పిల్ల తప్పేం లేదమ్మా. మిమ్మల్ని దిద్దమన్నది నేను" అంది అమ్మమ్మ. "నాకు వచ్చింది ఒక్క ఇంటి భాష. ఆ గుమ్మం దాటితే నాకేమీ రాదు."

నూరియా గారు తలుపు ఇంకాస్త తెరిచి లోపలికి రమ్మంది.

"మా ఇళ్ళలో కొత్త కోడలికి గరిటె ఇచ్చే ముందు అత్తగారు ఒకసారి తనే వండి చూపిస్తుంది. మీ ఇంటి వంట మీరొకసారి చూపించండి. అప్పుడు కూడా దీనికి రాకపోతే నేనే కారులో తీసుకుపోతాను."

నూరియా గారు ఇద్దర్నీ వంటింట్లోకి తీసుకెళ్ళి, చేతులు కడుక్కుని ఏప్రన్ కట్టుకుంది. బంగాళదుంపలు పల్చగా తరిగింది. ఆలివ్ నూనెలో సన్నసెగ మీద మగ్గించి, గిలకొట్టిన గుడ్లలో కలిపి, పెనంలో పోసింది. అడుగు గట్టిపడ్డాక పెనం మీద పళ్ళెం బోర్లించి, ఒక్క తిప్పు తిప్పింది. చిట్టి కళ్ళు వెలిగాయి.

"పిన్నిగారూ, దిబ్బరొట్టె తిరగెయ్యడమేనండి ఇది."

"మాట్లాడకుండా చెయ్యి" అంది అమ్మమ్మ. జీవితంలో ఇంకొకరికి ఆ సలహా ఇవ్వడం అదే మొదలు.

రెండో అట్టు చిట్టి వేసింది. తిప్పింది. సగం పళ్ళెంలో పడింది, సగం పొయ్యి మీద పడింది. చిట్టి పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. నూరియా గారు పొయ్యి అంచున పడ్డ ముక్కను వేళ్ళతో తీసి ఊదుకుని నోట్లో వేసుకుంది. నమిలింది.

"ఉప్పు సరిపోయింది" అంది. "రేపు నాలుగు చెయ్యి. విరిగింది నాకు పెట్టు. ఎల్లుండి వీసా సంగతి చూద్దాం."

చిట్టికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక పళ్ళెం కింద పెట్టి మొహం కొంగులో దాచుకుంది.

"ఒక్కటి మాత్రం వద్దు" అంది నూరియా గారు. "ఆ 'మాందే'. నేనేదో సింహాసనం మీద కూర్చున్నట్టు ఉంటుంది. మేమయితే 'దీమె' అంటాం."

దీమె అంటే 'చెప్పు' అని అమ్మమ్మకు తెలుసు. యజమానురాలు పిలిస్తే ఎదురుగా నిలబడి "చెప్పు" అనడమా అని ఆమె లోపల ఒకటే గొడవ. అయినా ఒక్క ఇల్లు దాటితే తనకేమీ రాదని ఇందాకే ఒప్పుకుంది కాబట్టి పళ్ళు బిగబట్టుకుంది.

"చిట్టీ" అని పిలిచి చూసింది నూరియా గారు.

మాందే అనకూడదు. దీమె అనడానికి నోరు రాలేదు. మధ్యలోంచి చిట్టి పుట్టినప్పటి నుంచీ అంటున్నది దానంతటదే బయటపడింది. "ఆయ్."

"ఇది బాగుంది. చిన్నగా ఉంది. ఇదే అను. అంటే ఏమిటి?"

అమ్మమ్మ చిట్టి వైపు చూడకుండా, చక్కటి మెక్సికో స్పానీసులో చెప్పింది. "వినబడింది అని అమ్మా. అంతే."

శుక్రవారం భోజనాలయ్యాక సాయంత్రం బుల్లిరాజు మామీర్ నుంచి వచ్చాడు. చిట్టి దాచిపెట్టిన ముక్క తిని, దిబ్బరొట్టెలో బంగాళదుంపలెందుకు వేశావని అడిగాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ తినాల్సిందేనని చెప్పింది చిట్టి.

శనివారం మధ్యాహ్నం అవాలిలో లింబాద్రి కంచం పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. అతను అడగకముందే అమ్మమ్మ జాడీ మూత తీసింది.

"ఇదిగో నీ తొక్కు" అంది.

లింబాద్రి ముద్ద ఆపి ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. "పచ్చడి గదా అక్కా?"

"ముందు తిను" అంది అమ్మమ్మ, ఇంకో గరిటె వేస్తూ.