విచారణకు వచ్చిన సారుకు టీ

అమీర్‌పేటలో ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక మర్యాద ఉంది. ఎవరూ వెళ్లిపొమ్మని అనరు. ముందు బోరు మోటారు పాడైందంటారు, తర్వాత పైన మరమ్మతులు ఉన్నాయంటారు, ఆ తర్వాత ఒక సాయంత్రం తీరిగ్గా వచ్చి కూర్చుని, లేస్తూ లేస్తూ అసలు మాట అంటారు. మా ఓనరమ్మ కూడా అంతే. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

"మీరు సుత ఏదన్న ఇల్లు చూసుకుంటే మంచిగుంటది చెల్లె," అంది.

కింది పోర్షన్లన్నీ కలిపి అమ్మాయిల హాస్టల్‌కు ఇస్తారట. మా వంటగదిలో ఎన్ని మంచాలు పడతాయో ఆమె గాలిలో చేతులతో కొలిచి చూపిస్తుంటే, కిటికీ పక్కన ఇంకొకటి పడుతుందని నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో దేవుడికెరుక.

అప్పటికి మా ఆయనకు పక్షవాతం వచ్చి కొన్ని నెలలైంది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో రోజూ కాలికి వ్యాయామం చేయించేవాళ్లు. పొద్దున్నే ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్‌కు వంట చేసి, ఆ తర్వాత ఆయన్ని ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చేదాన్ని. ఈ కొద్ది నెలలూ మానకుండా తీసుకొస్తే నడుస్తాడని, మానేస్తే మాత్రం ఆ కాలు మీద ఆశ వదులుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మాకు అందే అద్దెకు ఇల్లు కావాలంటే ఊరి చివరికి పోవాలి. అక్కడి నుంచి రోజూ ఆసుపత్రికి రావడం కలలో మాట.

హాస్టల్లో నాతోపాటు కూరలు తరిగే ఆవిడ ఒక సంగతి చెప్పింది. ఇల్లు పోయే పరిస్థితిలో ఉన్నవాళ్లకు ప్రభుత్వమే కొన్నాళ్లు అద్దె కడుతుందట. అది ఏ పథకమో, ఎవరికి ఇస్తారో, అసలు ఉందో లేదో ఆవిడకూ సరిగ్గా తెలియదు. నాకు ఈనాటికీ తెలియదు. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు చూపించారు. అక్కడికి పోతే మొదటి ఆఫీసే అన్నారు. చివరికి ఒక సారు నా మాట విని, ఇంటికొచ్చి విచారణ చేస్తానన్నాడు. అక్కకు చెబితే ఆమె కూడా సంతోషపడింది.

"గవర్నమెంటు కడితే నాకేం బాధ? హాస్టలోళ్లను వచ్చే ఏడు రమ్మంట," అంది.

సారు వస్తాడని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే హడావిడి. గోడల మీది బూజు దులిపాను. పెట్టెలో దాచిన కొత్త దుప్పటి మంచం మీద పరిచాను. మా ఆయనకు గడ్డం గీసి ఇస్త్రీ చొక్కా తొడిగాను. ఇంట్లో సరైన కుర్చీ లేదని అక్క తన కుర్చీలు పంపింది, పూల కప్పులు పంపింది, తానే పకోడీలు వేసి పళ్లెంతో సహా వచ్చి నిలబడింది. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ఎవరైనా చేసే పనే కదా. మా దరిద్రం కనబడేలా ఇల్లు ఉంచాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

సారు గుమ్మంలోకి రాగానే మా ఆయన గోడ పట్టుకుని లేచాడు. కర్ర లేకుండా, నా చెయ్యి లేకుండా. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది. సారు కూడా సంతోషించాడు.

"కూసో అన్న, కూసో. మంచిగనే ఉన్నవు గద," అన్నాడు.

టీ తాగుతూ అక్కను అడిగాడు. "ఏమమ్మా, వీళ్లను ఖాళీ చేయిస్తున్నరా?"

"అయ్యో, గట్లెందుకు చేస్తం సార్? మా ఇంటి మనుషులసొంటోళ్లు," అంది అక్క.

సారు నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

పకోడీల పళ్లెంతో పక్కనే నిలబడ్డ మనిషిని నేనేమనగలను? పైగా ఆ మాటకు నా గుండె నిండిపోయింది. ఇక మమ్మల్ని పొమ్మనరనే అనుకున్నాను.

"అక్క చాలా మంచిదండీ," అన్నాను.

కొన్నాళ్లకు ఆఫీసుకు పోతే, మాకు సాయం రాదని సారు మెల్లగా చెప్పాడు. ఖాళీ చేయించే భయం లేదని ఓనరే చెప్పింది, ఇంటాయన లేచి నిలబడుతున్నాడు, ఇల్లు చక్కగా ఉంది. ఆయన కళ్లతో చూసిందే రాశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆయనకే నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఇంటికొచ్చి అక్కను నిలదీశాను. ఆమె నిజంగానే తెల్లబోయింది.

"మరేం చెప్పాల్నే? సర్కారు మనిషి ముందట కిరాయికున్నోళ్లను ఎల్లగొడుతున్న అని నా నోటితోని నేనే చెప్పుకోవాల్నా? ఇజ్జత్ ఉండొద్దా?" అంది. మళ్లీ తనే, "హాస్టలోళ్లు ఆగుతలేరు. ఒకటో తారీఖు లోపల జర చూసుకో చెల్లె," అంది.

సామాను ఎక్కించిన రోజు ఆమె నాకు బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు దొంగవి కావు. ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. అదే నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది.

ఇప్పుడు మేముండేది ఊరి చివర. పంజాగుట్టకు రెండు బస్సులు మారాలి. ఆయన్ని బస్సెక్కించడం నా ఒక్కదాని వల్ల కాదు. ఎవరైనా తోడు దొరికిన రోజు వెళ్తాం, లేకపోతే లేదు. మొన్న ఈ ఇంటి ఓనరు అద్దె కోసం వచ్చాడు. మా ఆయన చేతులు జోడించి, మర్యాదకు లేవబోయాడు. గోడ పట్టుకున్నాడు. కాలు రాలేదు.