మూల దాక్కున్న ఈల

ఆయన్ని వీధిలో అందరూ గుండీలాయన అంటారు. ఏ జేబు దులిపినా గుండీలే రాలతాయి మరి. పిల్లలు కళ్లు చికిలించి వెతుక్కునే ఫోటో పుస్తకాలు చెయ్యడం ఆయన పని. పెద్ద బల్ల మీద గుండీలు, గోలీలు, విరిగిన బొమ్మలు, పనికిరాని తాళంచెవులు నాలుగైదు వందలు పేర్చి పైనుంచి ఫోటో తీస్తాడు. ఏమేం వెతకాలో చెప్పే పాట పేజీ కింద ఉంటుంది. ఆ పాట రాసేది ఆయన అక్క. అక్కా, ఆవిడ కూతురూ, ఈయనా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

అక్క పెట్టిన రూల్సు రెండు. కంప్యూటర్లో ఏదీ అతికించకూడదు. తొమ్మిదేళ్ల మేనకోడలు ఫోటోలో అన్నీ వెతికి పట్టుకునేదాకా బల్ల మీద ఏదీ కదపకూడదు. పదకొండు పుస్తకాలు అలాగే చేశారు.

పన్నెండోదానికి చివరి పేజీ పేరుస్తుండగా ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అక్క పోయింది. పలకరించడానికి జనం వస్తారు, బల్ల తీసెయ్యమన్నారెవరో. సరేనన్నాడు. తీసేముందు ఒక ఫోటో కొట్టి, అన్నీ డబ్బాల్లోకి ఎత్తేశాడు.

మూడు వారాలైంది. ఏడుపు రాలేదు. తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు, ఎవరేం అడిగినా సరేనంటున్నాడు. పన్ను పీకేముందు సూది పొడిచిన దవడలా ఉన్నాడు మనిషి.

మేనకోడలు మాత్రం రెండ్రోజులుగా ఆ ఫోటోని నేలమీద పరుచుకుని, భూతద్దం పట్టుకుని బోర్లా పడుకునే ఉంది. పక్కన అక్క చేత్తో రాసిన కాయితం.

*మూడు పిన్నీసులు, ముక్కు విరిగిన కొంగ, మూల దాక్కున్న ఈల.*

పిన్నీసులు దొరికాయి. కొంగ దొరికింది.

"మామయ్యా, ఈల ఎక్కడుందో చెప్పావంటే చంపేస్తా."

"చెప్పన్లే."

"నాలుగు మూలలూ అయిపోయాయి. భలే దాచావు."

"ఊఁ."

దాచాననే అనుకున్నాడు. మూడోరోజు పొద్దున, తలుపు వెనక మూడు వారాలుగా వేలాడుతున్న చొక్కా నానబెడుతుంటే బకెట్లో ఏదో టంగుమంది. తీసి చూస్తే ఎర్ర ఈల. ఆస్పత్రి ఫోను మోగినప్పుడు చేతిలో ఉన్నది జేబులో వేసుకున్నాడు. అంతే, మళ్లీ తియ్యలేదు. బకెట్ పొంగి పాదాల మీదకి నీళ్లొచ్చాక కుళాయి కట్టేశాడు.

అప్పుడే ఎడిటరమ్మ ఫోను. "రేపు ప్రింటుకెళ్లాలండీ. అంతా సరిగ్గా ఉన్నట్టేనా?"

"ఈల లేదు."

"అయ్యో, దానికేముంది! విడిగా ఫోటో తీసి పంపండి, మావాడు అతికించేస్తాడు. ఎవరికి తెలుస్తుంది?"

"సరే."

హాల్లోకి వచ్చాడు. పిల్ల మోచేతుల మీద గచ్చు గీతలు ఎర్రగా పడ్డాయి. తల ఎత్తకుండానే అంది: "ఇవాళ దొరక్కపోయినా పర్లేదు మామయ్యా. అమ్మ రాసిన ఆఖరిది కదా. మెల్లగా వెతుక్కుంటా."

ఆయన ఆమె పక్కన కూలబడ్డాడు.

"అందులో లేదే."

"ఛీ, ఆట పట్టించకు."

"నిజం. పెట్టడం మర్చిపోయాను."

"అమ్మ రాసింది కదా!"

"రాసింది. నేనే పెట్టలేదు."

భూతద్దం గోడకేసి కొట్టింది. "రెండ్రోజులు! రెండ్రోజులు చూస్తూ కూర్చున్నావా, బండరాయిలాగా?" ఇంకా ఏదో తిట్టబోయి భోరుమంది. అమ్మ పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. ఆయన పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు. వీపు అదురుతోంది. ఆ అదురు అరచేతి దాకా వచ్చి ఆగిపోయింది, పైకెక్కలేదు.

చాలాసేపటికి అన్నాడు, "కంప్యూటర్లో అతికించచ్చట."

"అమ్మ ఊరుకోదు."

"ఊరుకోదు."

"అయితే ఆ ముక్క కొట్టెయ్."

"నువ్వు కొట్టు."

"నేనెందుకు? మర్చిపోయింది నువ్వు."

పెన్సిలు తీసుకున్నాడు. అక్క అక్షరాల మీద అడ్డంగా గీత గీశాడు.

"ఇప్పుడు అక్కడ ఏం పెడతాం? 'మూ'తో మొదలవ్వాలి."

పిల్ల ముక్కు తుడుచుకుంది. ఫోటో వైపు చూడను కూడా చూడలేదు. "మూత లేని పెన్ను. గుర్రం కడుపు కింద ఉంది."

చూశాడు. ఉంది. అది ఎప్పుడు పెట్టాడో ఆయనకే గుర్తులేదు.

ఎడిటరమ్మకి ఫోన్ చేసి కొత్త ముక్క చదివాడు.

"బాగా కుదిరిందండీ. అక్కగారు ఇది కూడా రాసిపెట్టారా?"

"కాదు. వాళ్లమ్మాయి."

"పేరు వెయ్యమంటారా, పిల్లది కూడా?"

ఫోను చేత్తో మూసి అడిగాడు.

"ఏమో," అంది పిల్ల. "ఆకలేస్తోంది. ఏముంది తినడానికి?"

"ఆగు, చూస్తా," అని, ఎడిటరమ్మకి మళ్లీ చేస్తానని చెప్పి ఆయన వంటింట్లోకి వెళ్లాడు.